తల ఊపకూడని బడిలో నాలుగు రోజులు

మా ముత్తాత జగపతిరెడ్డి మంజీర అవతలి ఒడ్డున ఇరవై రెండు ఊళ్లకు దేశ్‌ముఖ్. మా తాత లక్ష్మీకాంతరెడ్డి కాలానికి అవి పదకొండయ్యాయి. మా నాన్న రాఘవరెడ్డి చేతికి గడి అనే ఒక కోటలాంటి ఇల్లు, ఒక మామిడి తోట, ఆ తోటలో ఒక మోటబావి వచ్చాయి. నా దాకా వచ్చినవి మూడు: ఒక వెండి పాన్‌దాన్, వంగని నడుము, తల ఊపే అలవాటు.

ఆ అలవాటు గురించి కొంచెం చెప్పాలి. మా ఇంట్లో మగవాళ్లు ఎక్కువగా మాట్లాడేవారు కాదు. తాత గడి ముందు గద్దె మీద కూర్చుంటే, పొలం గట్టు తగాదా నుంచి ఆడపిల్ల కాపురం దాకా జనం వచ్చి చెప్పుకునేవారట. అంతా అయ్యాక ఆయన ఒక్కసారి తల ఊపేవాడు. అదే తీర్పు. ఆ ఊపుకు అవునని అర్థమో కాదని అర్థమో అడిగే ధైర్యం ఎవరికీ లేదు. ఎవరికి తోచినట్టు వాళ్లు అనుకుని వెళ్లిపోయేవారు.

నేను ముప్పై రెండేళ్లు ప్రభుత్వ బడుల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. నా ముందు గద్దె లేదు, చెప్పుకునే జనమూ లేరు. అయినా తల మాత్రం అలాగే ఊపుతాను. గత అయిదేళ్లుగా కాస్త ఎక్కువే ఊపుతున్నాను, ఎందుకంటే నాకు సరిగ్గా వినబడదు. ఎదురుగా కూర్చుని నెమ్మదిగా మాట్లాడితే వినబడుతుంది. పక్కనుంచో, వెనకనుంచో, నలుగురి మధ్యనో మాట్లాడితే పెదవులు కదలడమే కనిపిస్తుంది. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. దేశ్‌ముఖుల ఇంట్లో ఎవరూ చెవి మీద చెయ్యి పెట్టుకుని "ఏందీ?" అని అడగలేదు. నేనెందుకు అడగాలి?

మొన్నటి ప్రయాణం మా చెల్లెలి కూతురు స్వరూప పిలుపు మీద చేసినది. ఆమె పాశమైలారం దగ్గర ఒక చిన్న ప్రాథమిక పాఠశాలలో టీచరు. ఒక పెళ్లిలో కలిసినప్పుడు, తన తరగతిలో ఒడియా, హిందీ, లంబాడీ అన్నీ నడుస్తాయని చెబితే, అది తెలుగు చెప్పడం కాదు, సంత నడపడం అన్నాను. "ఒకసారి వచ్చి చూసి చెప్పుండ్రి మామా" అంది. కాశీకో కేదారానికో వెళ్లి వచ్చినవాళ్లు పుస్తకాలు రాస్తారు. నేను మా ఊరి నుంచి రెండు బస్సులు మారితే వచ్చే చోటికి వెళ్లి వచ్చి ఇది రాస్తున్నాను. ఆ దారిలో ఫ్యాక్టరీలు తప్ప ఏముంటాయని అనుకునేవాళ్లకు ఇది పనికొస్తుంది. నేనూ అలాగే అనుకున్నాను.

సంగారెడ్డి బస్టాండు

బస్టాండు బయట చాయ్ పదిహేను రూపాయలు, ఉస్మానియా బిస్కట్టు అయిదు. మా ఊళ్లో చాయ్‌లో అల్లం దంచి వేస్తారు. ఇక్కడ పాలు మరిగి మరిగి మీగడ రంగుకు వచ్చాక పోస్తారు. నాకు మా ఊరి చాయే ఇష్టం గాని, రెండో కప్పు కూడా తాగాను.

పటాన్‌చెరు వైపు పోయే బస్సులో నా పక్కన ఒక యువకుడు కూర్చున్నాడు. భుజాన సంచి, ఆ సంచికి తాడుతో కట్టిన పసుపుపచ్చ హెల్మెట్టు. హిందీలో ఏదో మొదలుపెట్టాడు. ఇంజను మోతలో నాకు ఒక్క ముక్క అందలేదు. తల ఊపాను. అతను ఫోను తీసి అప్పుడే పుట్టినట్టున్న ఒక పసిబిడ్డ ఫోటో చూపించాడు. మళ్లీ ఊపాను. నేను పాన్‌దాన్ తెరిచి ఆకు చుట్టుకుంటూ అతనికీ ఒకటి ఇచ్చాను. రుద్రారంలో దిగబోతూ అతను ఉన్నట్టుండి నా కాళ్లకు మొక్కాడు. ఎందుకో అప్పుడు తెలియలేదు. బిడ్డకు ఫలానా పేరు పెట్టనా అని అడిగి ఉంటాడని స్వరూప తరవాత అంది. అదే నిజమైతే ఆ బిడ్డ పేరేమిటో ఆ తండ్రికి తెలియాలి, నాకు తెలియదు.

ఇస్నాపూర్ చౌరస్తా నుంచి అనుకోకుండా ముత్తంగి

ఇస్నాపూర్‌లో దిగేసరికి ఎండ బాగా ఉంది. చౌరస్తాలో బోర్డులు చదువుతూ నిలబడ్డాను. తెలుగు, హిందీ, ఉర్దూ, కొన్ని చోట్ల గుండ్రటి ఒడియా అక్షరాలు. ఒక బండి మీద నిప్పుల్లో కాల్చిన పిండి ఉండలు, వంకాయ పచ్చడి అమ్ముతున్నారు. లిట్టీ అంటారట. ప్లేటు నలభై రూపాయలు. మనం వంకాయ కాల్చి పచ్చడి చేసినట్టే చేస్తారు గాని, ఆవనూనె ఘాటు ముక్కు దాకా ఎక్కుతుంది.

తింటుండగా ఒక ఆటో వచ్చి ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి ఏదో అడిగాడు. నేను హుందాగా తల ఊపి ఎక్కి కూర్చున్నాను. ఆటో పెద్ద రోడ్డు మీద దూసుకుపోతుంటే పాశమైలారం ఇంత దూరమా అనుకున్నాను. చివరికి రింగురోడ్డు వంతెన కింద, కంటైనర్ లారీల వరస పక్కన ఆపి, దిగమన్నాడు. అది ముత్తంగి.

నేను పోవలసింది పాశమైలారమని చెబితే అతను ఇంజను ఆపి వెనక్కి తిరిగాడు. అప్పుడు ముఖం ఎదురుగా ఉంది కాబట్టి ప్రతి మాటా వినబడింది.

"ముత్తంగికేనా అంటే తలకాయ ఊపినవ్ గద సారూ. జెర నోరు దెరిచి చెప్తే ఏం వోతుండె?"

ఆటోడ్రైవరు చేత అలా అనిపించుకోవడం మా వంశంలో నేనే మొదలు. గొంతు సవరించుకుని, వెనక్కి తీసుకుపొమ్మన్నాను. అతని పేరు జహంగీర్. ఇస్నాపూర్‌లోనే పుట్టి పెరిగాడట. "గలతీ నీది, గ్యాస్ నాది. ఆధా ఆధా చేస్కుందాం తీయ్" అని నవ్వి బండి తిప్పాడు. దారి పొడుగునా అద్దంలో నన్ను చూస్తూ మాట్లాడుతూనే ఉన్నాడు. ఈసారి తల ఊపకుండా జాగ్రత్తపడ్డాను.

ఆ రాత్రి స్వరూప ఇంట్లో జొన్నరొట్టె, పుంటికూర పప్పు, అదే గోంగూర పప్పు. రొట్టె మా చెల్లెలు చేసినట్టే ఉంది.

పాశమైలారం: ఉప్పు పాఠం

రెండో రోజు పొద్దున బడికి వెళ్లాం. పారిశ్రామికవాడ కనబడకముందే వాసనతో పలకరిస్తుంది. ఒక మలుపులో పుల్లగా, ఒక మలుపులో కాలిన చక్కెరలా. స్వరూప ముక్కు కూడా కదపలేదు. రెండు గదుల బడి. ఆమె తరగతిలో ముప్పై మంది దాకా పిల్లలున్నారు. మందుల ఫ్యాక్టరీల్లో పనిచేసే ఒడియా వాళ్ల పిల్లలు, భోజ్‌పురి మాట్లాడే పిల్లలు, తండా పిల్లలు నలుగురు, మిగతావాళ్లు ఊరి పిల్లలు. నాకు వెనక ఒక కుర్చీ వేశారు. మా ఇంట్లో నేర్పినట్టు వీపు ఆనించకుండా కూర్చున్నాను.

స్వరూప బల్ల మీద ఒక గిన్నె పెట్టింది. అందులో కల్లుప్పు. ఏం చెప్పలేదు. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి, వాళ్ల ఇంట్లో దాన్ని ఏమంటారో చెప్పి, ఆ మాటను తెలుగు అక్షరాల్లో అట్టముక్క మీద రాసి గోడకు కట్టిన దారానికి తగిలించాలి. ఒకడు నమక్ అని రాశాడు. ఒడియా పిల్ల లుణ అని రాసింది. భోజ్‌పురి పిల్లవాడు నూన్ అన్నాడు. తండా పిల్ల లూణ్ అని రాసి, పక్కనున్న ఒడియా అట్టను చూసి గట్టిగా అరిచినంత పని చేసింది.

"టీచర్, మా ఉప్పు వాళ్ల ఉప్పు ఒక్కటే!"

ఇద్దరూ అప్పటికప్పుడు చుట్టాలైపోయారు. చివరికి ఊరి పిల్ల ఒకతె వచ్చి ఉప్పు అని రాసింది. అన్ని అట్టల మీదా తెలుగు అక్షరాలే. నా తరగతిలో మొదటి రోజు నుంచే అ, ఆలు మొదలయ్యేవి. ఇక్కడ తెలుగు మాట అందరికన్నా చివర వచ్చింది, కాని తెలుగు అక్షరం మొదటే వచ్చేసింది. ఆ సంగతి గమనించాను గాని, ఆమెతో చెప్పలేదు.

ఇంకో అట్ట మిగిలింది. దాని మీద ఒక అరచెయ్యి బొమ్మ గీసి ఉంది. మూడో వరసలోంచి తొమ్మిదేళ్ల పిల్ల లేచింది. రెండు జడలు, మోకాళ్ల దాకా పొడవైన గౌను. ఎడమ అరచెయ్యి తెరిచి, కుడిచేతి వేళ్లతో దాని మీద ఉప్పు చల్లినట్టు చేసి, వేలు నాలుకకు తాకించింది. తరగతి మొత్తం ఆమెతో పాటు అలాగే చేసింది. ముప్పై మంది పిల్లలు నిశ్శబ్దంగా అరచేతుల్లో లేని ఉప్పు రుచి చూశారు. ఆ పిల్ల పేరు కుని. పుట్టుకతో చెవుడు. ఒడియా వాళ్ల పిల్ల.

ఇంతలో స్వరూప బోర్డు వైపు తిరిగి రాస్తూ నన్నేదో అడిగింది. మామా అని పిలిచినట్టు తెలిసింది, ప్రశ్న తెలియలేదు. తల ఊపాను.

కుని నా ముందుకు వచ్చి నిలబడింది. నా కళ్లలోకి చూసి, కూడదన్నట్టు రెండు మణికట్లు ఒకదాని మీద ఒకటి అడ్డంగా పెట్టింది. తరవాత చూపుడువేలు గాలిలో గుండ్రంగా తిప్పింది. పిల్లలంతా పకపకా నవ్వారు. స్వరూప వచ్చి చెప్పింది. ఈ తరగతిలో ఎవరూ తల ఊపకూడదు. అర్థమైందా అని టీచరూ అడగదు. ఏం అర్థమైందో చేసి చూపించాలి, లేదా గీసి చూపించాలి. అర్థం కాకపోతే, మళ్లీ చెప్పమని ఏ భాషలోనైనా అడగాలి. తెలుగులో మళ్లీ, హిందీలో ఫిర్ సే, ఒడియాలో ఆఉ థరే. కుని భాషలో ఆ వేలు తిప్పడం.

"మీ దిక్కు ఉప్పును ఇంకేమన్న అంటరా అని అడిగిన మామా" అంది.

"లవణం" అన్నాను, ముందే తెలిసినట్టు. నన్ను నేను బాగానే కాపాడుకున్నాననుకున్నాను. కుని మాత్రం నా వైపే చూస్తోంది, నమ్మినట్టు లేదు.

లక్ష్మవ్వ గరిట

మధ్యాహ్న భోజనం వండేది లక్ష్మవ్వ. ఈ ఊరి మనిషే. వయసులో ఉన్నప్పుడు పొలాల్లో కూలికి పోయేదట. ఆ పొలాలన్నీ ఫ్యాక్టరీలయ్యాక బడిలో వంట పట్టింది. ఇంటి వెనక మూడు గదులు కట్టి కిరాయికి ఇస్తుంది. కుని వాళ్లు ఉండేది ఆ గదుల్లో ఒకదాంట్లోనే. నా పళ్లెంలో సాంబారు పోస్తూ ఏదో అడిగింది. నేను తల ఊపాను. గరిట గాలిలో ఆగింది.

"గట్ల ఊపితే పొయ్యమన్నట్టా, ఇగ చాలన్నట్టా?"

పిల్లలు వేళ్లు తిప్పడం మొదలుపెట్టారు. చాలు అని నోటితో చెప్పాల్సి వచ్చింది.

అన్నం తింటూ స్వరూప కుని గురించి చెప్పింది. ఎదురుగా కూర్చుంది కాబట్టి అంతా విన్నాను. రెండేళ్ల కిందట చేరినప్పుడు ఆ పిల్ల అందరికన్నా బుద్ధిమంతురాలు. ఏం చెప్పినా తల ఊపేది. పక్క పిల్లలు ఊపితే చూసి తనూ ఊపేది. ఒడియా పిల్ల కదా, తెలుగు రాక మాట్లాడడం లేదనుకున్నారు.

"మూడు నెలలు నాకే తెల్వలే మామా. ఒకరోజు వెనక నుంచి కుర్చీ పడ్డది. అందరు ఉలిక్కిపడ్డరు, కుని తప్ప. ఆ రోజు ఇంటికి పోయి అన్నం తినబుద్ధి కాలే."

ఆ మరుసటి రోజు నుంచే తల ఊపకూడదన్న నియమం. సెలవుల్లో హైదరాబాదు వెళ్లి సైగల భాష నేర్చుకుంది. ఆమె నేర్చుకున్నది పిల్లలకు నేర్పింది, పిల్లలు ఇళ్లకు తీసుకుపోయారు. ఇప్పుడు కుని చదువుతోంది, రాస్తోంది. కాని వాళ్ల నాన్న గణేశ్వర్ ఆమెను ఒడిశాలో తన తల్లి దగ్గరికి పంపించేద్దామని చూస్తున్నాడు. అక్కడ ఆమెకు బడి లేదు, సైగ తెలిసిన మనిషి లేదు. శనివారం తల్లిదండ్రుల సమావేశానికి రమ్మని, ఆలోగా ఏమీ తేల్చుకోవద్దని స్వరూప అతని దగ్గర మాట తీసుకుంది.

 నా ముప్పై రెండేళ్లలో చివరి బెంచీలో తండా పిల్లలు ఉండేవారు. పద్యం తాత్పర్యం చెప్పి "తెలిసిందా?" అంటే అందరికన్నా ముందు వాళ్లే తల ఊపేవారు. వాళ్ల ప్రోగ్రెస్ కార్డుల మీద నేను 'వినయం గలవాడు' అని రాసేవాణ్ణి. నాలాగే వాళ్లూ పరువు కాపాడుకుంటున్నారని అప్పుడు తట్టలేదు.

గేటు పక్క సిమెంటు బెంచీ

బడి వదిలాక స్వరూప లోపల రిజిస్టరు రాసుకుంటోంది. నేను గేటు పక్క బెంచీ మీద కూర్చుని పాన్‌దాన్ తెరిచాను. వెండి మూత మీద మా ముత్తాత చెక్కించిన నెమలి ఎండకు మెరుస్తుంది. రోడ్డు మీద ట్యాంకర్లు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. నీలం యూనిఫారం వేసుకున్న ఒక మనిషి కునిని తీసుకుపోవడానికి వచ్చాడు. నన్ను చూసి ఆగాడు. హెల్మెట్టు చంకలో పెట్టుకుని చేతులు జోడించాడు. చాలాసేపు మాట్లాడాడు. పిల్ల వైపు, రోడ్డు వైపు, ఎక్కడో దూరం వైపు చెయ్యి చూపించాడు. సార్ అన్నదీ బచ్చీ అన్నదీ తప్ప ట్యాంకర్ల మోతలో నాకేమీ అందలేదు. పిల్ల చదువుకు కృతజ్ఞత చెబుతున్నాడనుకున్నాను. మా తాత ఊపినట్టే, నెమ్మదిగా, ఒక్కసారి ఊపాను. ఒక ఆకు చుట్టి ఇచ్చాను. అతను దాన్ని కళ్లకు అద్దుకుని వెళ్లిపోయాడు. కుని వెనక్కి తిరిగి తిరిగి నన్నే చూస్తూ నడిచింది.

తాత ఊపు ఇంకా పనిచేస్తోందని లోలోపల సంబరపడ్డాను. ఆ సంగతి ఇక్కడ రాయకుండా ఉంటే ఎవరికీ తెలియదు. కాని ఇది రాస్తున్నదే ఆ సంగతి కోసం.

ఖాళీగా ఉన్న చోటు

మూడో రోజు కుని రాలేదు. మధ్యాహ్నం గిన్నెలు కడుగుతూ లక్ష్మవ్వ చెప్పింది. "పొద్దుగాల్నే సామాన్ గట్టిన్రు టీచరమ్మా. పిల్లను నాయినమ్మ కాడ దించి వస్తడట. సాయంత్రం ముత్తంగి కాడ బస్సు. పెద్దసారే సరే అన్నడని జెప్పిండు గణేశ్వర్."

"ఏ పెద్దసారు?" అంది స్వరూప.

లక్ష్మవ్వ గరిటతో నన్ను చూపించింది.

ఒక ఆకుకు సున్నం రాసేంతసేపు నేను ఆలోచించాను. అవును, నేనే చెప్పాను, వినబడని పిల్లకు ఈ లారీల మధ్య ఉండడం కన్నా పల్లెటూరే నయం అనవచ్చు. ఎవరూ కాదనలేరు, నా మర్యాద నాకుంటుంది. మా నాన్న అయితే అలాగే అనేవాడు. స్వరూప నా మీద కోపంగా లేదు. ఏం జరిగిందో అర్థం కాక నా ముఖం చూస్తోంది. గోడ మీద దారానికి అరచెయ్యి బొమ్మ గాలికి తిరుగుతోంది.

"అతను ఏం అడిగిండో నాకు తెల్వదు స్వరూపా" అన్నాను. "నాకు వినబడలే. నాకు వినబడదు."

ఆమె వచ్చి నాకు ఎదురుగా నిలబడింది.

"ఎప్పట్నుంచి మామా?"

"అయిదేండ్లయితుంది."

"అత్తమ్మకు ఎరుకేనా?"

"ఎవ్వరికీ ఎరుక లేదు."

"అత్తమ్మకు ఎరుకయ్యే ఉంటది మామా. మీరు చెప్పలేదని ఆమె గూడ చెప్పలేదు, గంతే" అని ఫోను తీసి ఆటో కోసం చూసింది. చౌరస్తా నుంచి వచ్చినవాడు జహంగీర్. నన్ను చూసి పళ్లన్నీ బయటపెట్టాడు.

"మళ్ల ముత్తంగేనా సారూ? ఈసారి నిజంగనేనా?"

నిజంగానే అని నోరు తెరిచి చెప్పాను. లక్ష్మవ్వ కొంగుకు చేతులు తుడుచుకుంటూ తనూ ఎక్కింది.

మళ్లీ ముత్తంగి

రింగురోడ్డు వంతెన కింద మూటలు, డబ్బాలు, నీళ్ల బాటిళ్లతో పాతిక మంది దాకా బస్సు కోసం కూర్చున్నారు. కుని ఒక రేకుపెట్టె మీద కూర్చుంది. ముందు చూసింది ఆమే. గణేశ్వర్, అతని భార్య బాసంతి లేచి నిలబడ్డారు. పెద్దసారు సాగనంపడానికి వచ్చాడనుకుని గణేశ్వర్ నా కాళ్ల వైపు వంగబోయాడు. పట్టుకుని లేపాను.

"గణేశ్వర్, నిన్న నువ్వు అడిగింది నాకు వినబడలే. ఊరికే తల ఊపిన. నా మాట పట్టుకుని పోవద్దు."

అతను నవ్వాడు. ఎనిమిదేళ్లుగా ఇక్కడున్నాడు, మూడు భాషలూ కలిపి మాట్లాడతాడు. "సార్ మజాక్ చేస్తుండ్రు. మీరు ఇంత పెద్ద ఆద్మీ. సమజ్ కాకుంటే ఎందుకు ఊపుతరు?"

 అతను భార్య వైపు తిరిగి, మళ్లీ నా వైపు తిరిగి ఇంకేదో అన్నాడు. వంతెన మీద పోతున్న బండ్ల మోత అతని మాటలను మింగేసింది. తల ఊపడానికి మెడ దానంతట అదే కదిలింది. కుని నన్నే చూస్తోంది. నేను మెడ ఆపి, చూపుడువేలు పైకెత్తి గాలిలో గుండ్రంగా తిప్పాను.

పిల్ల పెట్టె మీద నుంచి దూకింది. నవ్వుతూ వచ్చి తండ్రి ముందు నిలబడి తనూ వేలు తిప్పింది. మళ్లీ చెప్పు, ఆయన ముఖంలోకి చూసి చెప్పు అన్నట్టు, అతని గడ్డం పట్టుకుని నా వైపు తిప్పింది. అప్పుడు గణేశ్వర్ నవ్వు పోయింది. నేను మజాక్ చేయడం లేదని అతనికి తెలిసింది. దగ్గరికి వచ్చి, ఒక్కొక్క మాటే అన్నాడు.

"ఈడ అన్ని లారీలు. దీనికి హారన్ వినబడదు. నేను డ్యూటీల ఉంట, వాళ్లమ్మ డ్యూటీల ఉంటది. ఏమన్న ఐతే? పంపాల్నా సార్, ఉంచాల్నా?"

మా ఇంటి గద్దె ముందు ఇలాంటి ప్రశ్నలు ఎన్ని అడిగి ఉంటారో. వాటిలో ఎన్ని నిజంగా విన్నారో నాకు తెలియదు. ఈ ఒక్కటి మాత్రం చివరి మాట దాకా విన్నాను.

"అది నేను చెప్పేది కాదు. పిల్లను అడిగినవా?" అన్నాను.

అడగలేదు. స్వరూప అతని పక్కన నిలబడి, సైగలు అతని చేతే చేయించింది. మోటు చేతులు, రసాయనాలకు పగిలిన వేళ్లు. నాయనమ్మకు ముక్కుపుడక చూపించడం వాళ్లింటి సైగ. బడికి పుస్తకం తెరవడం. రెండూ చేసి, ఏది అన్నట్టు చేతులు చాపాడు.

కుని ఏ సైగా చెయ్యలేదు. తండ్రి చెయ్యి పట్టుకుని సర్వీసు రోడ్డు అంచుకు తీసుకుపోయింది. అతన్ని వంగమని, తన రెండు అరచేతులతో అతని చెవులు గట్టిగా మూసింది. కళ్లతో కుడివైపు చూపించింది, ఎడమవైపు చూపించింది. ఒక కంటైనర్ వస్తుంటే ఆపింది. పోయాక ఇంకోసారి రెండు వైపులా చూసి, అతన్ని అవతలికి దాటించి, అలాగే వెనక్కి తీసుకొచ్చింది. సరిగ్గా అప్పుడే చెవిలో ఫోను పెట్టుకుని అడ్డంగా నడుస్తున్న ఒక మనిషిని చూసి లారీ డ్రైవరు హారన్ మోతెక్కించాడట. జహంగీర్ చెప్పాడు. "చెవులున్నోడే సస్తుండె సారూ!" అని పడీపడీ నవ్వాడు.

గణేశ్వర్ నవ్వలేదు. పిల్ల తల మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు.

"బడికి నా ఎంబడే వస్తది, నా ఎంబడే పోతది. నా గిన్నెల పక్కన కూసుండవెట్టుకుంట. నీకేం ఫికర్?" అంది లక్ష్మవ్వ.

బస్సు వచ్చింది. క్లీనరు తొందరపెట్టాడు. గణేశ్వర్ ఆ రేకుపెట్టెను తెరిచి, కుని బట్టలు రెండు తీసేసి, తల్లికి కొన్న చీర, టార్చిలైటు అందులోనే ఉంచి, తమ ఊరివాడొకడికి అప్పగించాడు. బస్సు పెట్టెను తీసుకుని వాళ్లను వదిలి పోయింది.

"పరీక్షల దాకా సూస్త టీచర్" అన్నాడు. అంతకన్నా ఎక్కువ మాట ఇవ్వలేదు. తొమ్మిదేళ్ల పిల్ల తండ్రి అంతకన్నా ఎక్కువ ఇవ్వాలని నేనూ అనుకోను. తిరుగు దారిలో ఏడుగురం ఒకే ఆటోలో కూర్చున్నాం. నా నడుము నిటారుగా ఉంచడానికి చోటు లేకపోయింది.

నాలుగో రోజు

పొద్దున బాసంతి నన్ను తినడానికి పిలిచింది. లక్ష్మవ్వ వెనకగదుల్లో చివరిది. రాత్రి అన్నంలో నీళ్లు పోసి ఉంచింది. దాన్ని పొఖాళ అంటారు. మా సద్దన్నమే. మేము మజ్జిగ, ఉల్లిగడ్డ వేసుకుంటాం. వాళ్లు కాల్చిన వడియాలు నలిపి, వెల్లుల్లి, పచ్చిమిరప కలుపుతారు. నేను రెండుసార్లు పెట్టించుకున్నాను. చాలు అనడానికి ఏ సైగ చెయ్యాలో కుని నేర్పింది. తప్పు చేస్తే నా చెయ్యి పట్టుకుని సరిదిద్దింది. విద్యార్థిగా నేను అంత చురుకైనవాణ్ణి కానని ఆమె ముఖం చూస్తే తెలిసింది.

నాకు వినబడలేదని బడికి వచ్చిన రోజే ఎలా కనిపెట్టావని స్వరూప చేత అడిగించాను. నేను ఊపినప్పుడు నా కళ్లు టీచరు మీద లేవట. పైగా ముందు పిల్లల ముఖాలు చూసి, తరవాత ఊపానట. తను రెండేళ్ల కిందట సరిగ్గా అలాగే చేసేదట.

ఆ మధ్యాహ్నం తల్లిదండ్రుల సమావేశంలో తరగతి నియమమే పెద్దలకూ పెట్టారు. గణేశ్వర్ కూడా వచ్చాడు. స్వరూప చెప్పిందాన్ని ఎవరి భాషలో వాళ్లు తిరిగి చెప్పాలి. తల ఊపితే పిల్లలు పట్టుకుంటారు. మొగవాళ్లే ఎక్కువ దొరికారు. నేను పదకొండుసార్లు వేలు తిప్పాను, కుని లెక్కపెట్టింది. గంటలో అయిపోవలసిన సమావేశం రెండున్నర గంటలు పట్టింది. అయినా ఎవరూ లేచి పోలేదు. ఇలాంటి బడిని సంత అన్నందుకు స్వరూపను నోరు తెరిచి క్షమాపణ అడిగాను. "ఏం తప్పయిందో చెప్పుండ్రి మామా, ఊరికే క్షమాపణ ఏంది" అంది. చెప్పాను. సరే అంది.

సంగారెడ్డి, తిరుగు దారి

స్వరూప నన్ను ఒంటరిగా పంపలేదు. సంగారెడ్డిలో చెవుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. ఆయన నన్ను ఒక చిన్న గదిలో కూర్చోబెట్టి, శబ్దం వినబడితే మీట నొక్కమన్నాడు. వినబడనప్పుడు నొక్కలేదు. ఇది రాయడానికి తేలికే. అక్కడ చెయ్యడం అంత తేలిక కాలేదు.

ఇప్పుడు రెండు చెవులకూ మిషన్లున్నాయి. ఇంటికి వచ్చిన రోజే మా ఆవిడకు చూపించాను. ఆమెకు అయిదేళ్లుగా తెలుసట. ఇంటి వెనక కోడిపుంజు ఇంత పెద్దగా కూస్తుందని నాకు తెలియదు. ఎవరైనా ఏదైనా అడిగితే తల ఊపడం లేదు. అలవాటుగా మెడ కదిలితే వేలు తిప్పుతున్నాను. మా ఊళ్లో వాళ్లకు దాని అర్థం తెలియక, ముసలాయనకు ఏదో అయిందనుకుంటున్నారు.

మిషన్ల కోసం వెండి పాన్‌దాన్‌ను సంగారెడ్డి బజారులో తూకానికి అమ్మాను. సున్నం డబ్బీ ఒక్కటి ఉంచుకున్నాను, బ్యాటరీలు అందులో పెట్టుకుంటున్నాను. నెమలి మూతతో సహా మిగతాదంతా పోయింది.